అమ్మగారు అనే పిలుపు, దాని వెనక పని

(విజయవాడలో స్త్రీల హక్కుల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కృష్ణా డెల్టాలో క్రైస్తవ మతపెద్దల్ని పిలిచే మాటలు సంఘాన్ని బట్టి మారతాయి. కతోలికుల్లో ఫాదరుగారు, రాతలో 'గురుశ్రీ'. ఆయన చూసుకునే వూళ్ళు 'విచారణ'. పైన మేత్రాసనం, దానికి పీఠాధిపతి. విజయవాడ మేత్రాసనం 1937 నుంచీ వుంది. ఫాదరు రోజూ రాలేని వూళ్ళో ప్రార్థన నడిపేవాడు ఉపదేశి. సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో పాస్టరుగారు, వాడుకలో అయ్యగారు. వీరితోపాటు సంఘ పెద్దలు, డీకన్లు, సువార్తికులు. ఈమధ్య పెరిగిన స్వతంత్ర సంఘాల్లో దైవజనులు, దైవసేవకులు.

ఇక స్త్రీలకున్న మాటలు చూడండి. సిస్టరు, మదరు, అమ్మగారు, పాస్టరమ్మ. వెనకటికైతే మిస్సమ్మ, బైబిలు స్త్రీ. ఫాదరు, అయ్య కూడా చుట్టరికపు మాటలే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ ఆ మాటల వెనక అభిషేకం వుంది, నియామక పత్రం వుంది, బదిలీ వుంది. అమ్మగారు అన్న మాట వెనక వున్నది పెళ్ళి ఒక్కటే. నేనివాళ చెప్పదలచుకున్న విషయం ఇదే: పురుషుడి పిలుపు హోదాను చెబుతుంది, స్త్రీ పిలుపు ఆమె చేసే పనిని దాచిపెడుతుంది.

ఈ పిలుపుల్ని తేలిగ్గా తీసిపారేయమని నేననడం లేదు. 1859లో రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద బాప్తిస్మం తీసుకున్న తర్వాత ఈ ప్రాంతంలో మాల, మాదిగ పల్లెలు పెద్దఎత్తున క్రైస్తవంలోకి వచ్చాయి. అంతవరకూ 'అయ్యగారు' అంటే భూమి వున్న కులాల మగవాడు. పల్లెలో పుట్టిన మనిషిని నలుగురూ అయ్యగారూ అని పిలవడం ఆత్మగౌరవ విజయం. 'ఒసే' అని మాత్రమే పిలిపించుకున్న ఇంటి ఆడపిల్ల 'అమ్మగారు' కావడం కూడా అంతే. దళిత స్త్రీ గెలుచుకున్న ఈ గౌరవాన్ని వదులుకోమనే హక్కు మనకెవరికీ లేదు. గౌరవం ఇచ్చారు, సరే, జీతమేదీ అని మాత్రం అడగాలి.

అమ్మగారు ఏం చేస్తారు? సండే స్కూలు నడుపుతారు. స్త్రీల సమాజం కూడికలు పెడతారు. పిడికెడు బియ్యం పోగుచేయిస్తారు. పురుటికీ, చావుకీ, మొగుడు కొట్టిన ఇంటికీ ముందుగా వెళ్ళేది ఆవిడే. అయ్యగారి ఇంటికి ఎందరొచ్చినా వండి పెట్టేదీ ఆవిడే. ఇదంతా సంఘం దృష్టిలో 'పరిచర్య', మన భాషలో అదృశ్య శ్రమ. నియామక పత్రంలో ఆమె పేరుండదు. ఇల్లు సంఘానిది. భర్త చనిపోతే భర్తతోపాటు ఇల్లూ, పనీ, పిలుపూ పోతాయి.

మిస్సమ్మ అన్న మాటతో పోల్చి చూడండి. ఆవిడ పెళ్ళికాని మిషనరీ. బడికో, ఆసుపత్రికో మిషన్ ఆమెనే నియమించి, ఆమెకే జీతమిచ్చింది. ఆమె కింద ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు చదువు, వాక్యం చెప్పిన బైబిలు స్త్రీకీ, చిన్నదో పెద్దదో, తన పేరున ఒక జీతం వుండేది. తెల్లవారి ఆధిపత్యాన్ని నేను మెచ్చుకోవడం లేదు. మిషనరీలు వెళ్ళిపోయాక మిస్సమ్మ ఉద్యోగమూ పోయింది, జీతంలేని అమ్మగారు మిగిలారు. ఈ మార్పును మన చరిత్ర రచనలో గుర్తించాలి.

స్త్రీలు గురువులు కాలేదా అంటే, అయ్యారు. సి.ఎస్.ఐ.లో 1976 నుంచీ స్త్రీలకు అభిషేకం జరుగుతోంది. 2013లో మన తెలుగు స్త్రీ ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్పుగా, ఆ సంఘంలోనే మొదటి మహిళా బిషప్పుగా అభిషేకం పొందారు. ఇంగ్లండు సంఘంలో మొదటి మహిళా బిషప్పు వచ్చింది 2015లో. అయినా వూళ్ళో స్త్రీ పాస్టరయితే ఏమని పిలవాలి? అమ్మగారు అంటే అయ్యగారి భార్య అనుకుంటారు. ఆవిడ భర్తకు మాత్రం పిలుపేమీ లేదు, ఆయన సండే స్కూలు చెప్పాలని ఎవరూ ఎదురుచూడరు.

లోపం తెలుగులో లేదు. బోధకురాలు, సువార్తికురాలు, అధ్యక్షురాలు అని మనకు ఇట్టే అమరుతాయి. కాపరి అన్న మాటకు లింగభేదమే లేదు. తెలుగు బైబిలు ఫీబేను సంఘ పరిచారకురాలు అంది. గ్రీకు మూలంలో మగ డీకన్లకు వాడిన మాటే ఆమెకూ వాడారు. కానీ మనం పరిచారకుడంటే పదవి అనుకుంటాం, పరిచారకురాలంటే చాకిరీ అనుకుంటాం.

కతోలిక సంఘంలో పరిస్థితి వేరు. 1983 నాటి చర్చి చట్టం 1024వ సూత్రం ప్రకారం గురుత్వం పురుషుడికే. 1994లో పోపు రెండవ జాన్ పాల్ దీన్ని గట్టిగా చెప్పారు. సిస్టర్లను మనం ఫాదర్లతో కలిపి చూస్తాం గానీ, ఆ చట్టం లెక్కలో వారు గురువర్గం కారు, సామాన్య విశ్వాసులే. 2021లో పోపు ఫ్రాన్సిస్ పఠనం, పీఠ సేవ అనే పరిచర్యల్ని స్త్రీలకు తెరిచారు. ఉపదేశిని కూడా అధికారిక పరిచర్యగా స్త్రీ పురుషులిద్దరికీ ఏర్పరిచారు. మన విచారణల్లో ఎందరు స్త్రీలు ఉపదేశులయ్యారో అడగాలి.

2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఎయిడెడ్ స్కూళ్ళలో పనిచేసే సిస్టర్ల జీతం మఠానికి చేరినా సరే, ఆదాయపు పన్ను కోయాల్సిందేనంది. పన్ను దగ్గర ఉద్యోగి అయిన మనిషి, హక్కు దగ్గరికి వచ్చేసరికి ఒట్టి 'సిస్టరు' ఎందుకవుతుంది?

కార్యకర్తలుగా మనం చేయగలిగినవి కొన్ని వున్నాయి. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, స్వచ్ఛందంగా పనిచేసినా, స్త్రీని ఉద్యోగిగానే గుర్తిస్తుంది. సొసైటీలు, ట్రస్టులు దాని పరిధిలోకి వస్తాయి. పదిమంది కంటే తక్కువ పనిచేసేచోట జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి ప్రతి అమ్మగారికీ, సండే స్కూలు టీచరుకీ, సిస్టరుకీ చెప్పాలి. పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పెట్టినపుడు మీ వూళ్ళో ఎవరి పేరున దరఖాస్తు వెళ్ళిందో కనుక్కోండి. సంఘ కమిటీలో స్త్రీలెందరో, వారికి ఓటుందో లేదో రాసుకోండి. భర్త చనిపోయిన అమ్మగారు ఎక్కడ తలదాచుకుంటున్నారో తెలుసుకోండి.

పిలుపు అలాగే వుండనివ్వండి. దాని పక్కన ఆమె సొంత పేరు, పదవి, జీతం కూడా రాయించాలి. వచ్చే సమావేశానికి మీ వూళ్ళ వివరాలతో వస్తారని ఆశిస్తూ, సెలవు.