ఆంగ్ల పదసంపద – తెలుగు విద్యార్థి



పల్లెటూరి విద్యార్థి ఆంగ్ల గ్రంథము తెరచినపుడు మొదటి పుటలోనే రెండు మూడు పెద్ద మాటలు అడ్డుపడును. అర్థము తెలియక ఆతడు గ్రంథమునే మూసివేయును. పరీక్షాభయము గలవాడు కఠిన పదముల పట్టికను ముందు పెట్టుకొని అక్షరక్రమమున వల్లెవేయును. వారము తిరుగకముందే అందు సగము మరచును. అంతట “ఇంగ్లీషు మన వంటివారికి రాదు” అను నిస్పృహ పుట్టును. తెలివిగల బాలురును, బాలికలును ఈ నిస్పృహచేత పైచదువు మానుకొనుట శోచనీయము. లోపము వారి బుద్ధిలో లేదు, నేర్చుకొను మార్గములో కలదు.

తెలుగులో నీరు, ఇల్లు, పల్లు అనునవి ఇంటి మాటలు. జలము, గృహము, దంతము అనునవి సంస్కృతము నుండి వచ్చినవి. ఆంగ్లభాషయు ఇట్టిదే. వాటర్, హౌస్, టూత్ అనునవి ఆ భాషకు ఇంటి మాటలు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదములును, 16, 17 శతాబ్దములలో విద్యావ్యాప్తితో లాటిను, గ్రీకు పదములును వేలకొలదిగా అందు చేరినవి. కావుననే నీటికి సంబంధించినది ఆక్వాటిక్, ఇంటికి సంబంధించినది డొమెస్టిక్, పంటికి సంబంధించినది డెంటల్ అయినవి. కఠిన పదములని పేరుపడినవి చాలవరకు ఈ రెండవ తెగకు చెందినవే.

1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ సభలో ప్రసంగించుచు, సంస్కృతము, గ్రీకు, లాటిను ఒకే మూలము నుండి పుట్టియుండవలెనని చెప్పెను. తరువాతి పండితుల పరిశోధనలు దానిని బలపరచినవి. కనుక తెలుగువారెరిగిన తత్సమములకు ఆంగ్లములోని పెద్ద మాటలు కొన్ని చుట్టములు. అగ్నికి ఇగ్నైట్ చుట్టము, అనగా రగిలించుట. పాదమునకు పెడెస్ట్రియన్, అనగా కాలినడకన పోవువాడు. నవ శబ్దమునకు నోవిస్, అనగా పనిలో క్రొత్తవాడు. జ్ఞా ధాతువునకు ‘గ్నో’ జోడు. అందుచేత అగ్నాస్టిక్ అనగా అజ్ఞేయవాది.

ఉపసర్గల సంగతియు తెలుగు విద్యార్థికి క్రొత్త కాదు. ఆహారము, విహారము, సంహారము, పరిహారము అను మాటలలో ధాతువొక్కటే. ఉపసర్గ మారగా అర్థము మారినది. లాటినులో ‘స్పెక్ట్’ అనగా చూచుట. ఇన్‌స్పెక్ట్ లోపలికి చూచుట, తనిఖీ చేయుట. రెట్రోస్పెక్ట్ వెనుకకు చూచుట, గతమును తలచుట. ప్రాస్పెక్ట్ ముందునకు చూచుట, భావి అవకాశము. సర్కమ్‌స్పెక్ట్ చుట్టును చూచి మెలగువాడు, జాగరూకుడు. ఒక్క ధాతువు తెలిసినచో నాలుగు మాటలు వశమగును.

అయినను జాగ్రత్త వలయును. బద్నాము అను మాటలోని పారశీకపు ‘బద్’కును, ఆంగ్లపు ‘బ్యాడ్’కును ధ్వని, అర్థము కలిసినను చుట్టరికము లేదు. కొన్ని మాటల అర్థము కాలక్రమమున మారును. నైస్ అను మాటకు మూలమైన లాటిను పదమునకు ‘ఎరుగనివాడు’ అని అర్థము. నేడది మెచ్చుకోలు మాట. ఛాందసుడనగా వేదము చదివినవాడు. నేడు లోకమున ఆ మాటకు గల అర్థము అందరెరిగినదే. కావున మూలము దారి చూపును గాని, అర్థమును నిర్ణయించునది ప్రయోగమే.

ఆక్స్‌ఫర్డు నిఘంటువు ప్రయోగముల మీదనే నిర్మితమైనది. 1857లో లండనులోని భాషాశాస్త్ర సంఘము ఆ పనికి సంకల్పించినది. సామాన్య పాఠకులు వేలకొలది గ్రంథములు చదివి, మాట కనిపించిన వాక్యమును చీటీపై వ్రాసి పంపిరి. 1928లో గాని మొదటి కూర్పు ముగియలేదు. ఇచ్చట 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిన సి. పి. బ్రౌను సైతము పండితుల తోడ్పాటుతో గ్రంథములను, వాడుకను శోధించి ప్రయోగములు చూపెను.

విద్యార్థియు ఈ మార్గమునే అనుసరింపవచ్చును. దినమునకొక పుట చదువవలెను. తెలియని మాట వచ్చినచో వాక్యమును బట్టి అర్థమును ఊహించి, పిదప నిఘంటువు చూడవలెను. మాటతోపాటు ఆ వాక్యమును, తన తెలుగులో అర్థమును నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. మరునాడును, వారమునకును, నెలకును మరల చూచుకొనవలెను. దినమునకు మూడు మాటలైనను ఏడాదికి వేయి దాటును.

ఆంగ్ల నిఘంటువులలో బ్యాండికూట్ అను మాట కలదు. అది తెలుగు పందికొక్కే. ధాన్యపు కొట్లను త్రవ్వు జంతువు పేరును తెలుగువారి నుండి గ్రహించుటకు ఆంగ్లేయులు సిగ్గుపడలేదు. వారి మాటలు నేర్చుటకు తెలుగు విద్యార్థి జంకనేల? రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయమున నిఘంటువును బీరువాలో తాళమువేసి ఉంచక, పిల్లల చేతికందునట్లు బల్లమీద ఉంచుట ఈ ఉత్సవమునకు తగిన కార్యము.