కరెంటు పోయిన రాత్రి లెక్క



బడిలో లెక్కలు చెప్పే నేనే ఇంట్లో లెక్క తప్పాను. పరీక్షల రోజుల్లో కరెంటు పోతే, ఇన్వర్టరుంది కదా అని కూలరు, టీవీ, మూడు ఫ్యాన్లూ వేశాం. రెండు గంటలకే చీకటి. మా అమ్మాయి పుస్తకం మూసేసింది.

12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీకి కాగితం మీద 1800 వాట్-అవర్లు. చేతికి అంతా రాదు, 1000 అనుకోండి. 200 వాట్లు వాడితే 5 గంటలు. 50 వాట్లయితే రాత్రంతా వస్తుంది.

యాసిడ్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయించండి, కుళాయి నీళ్లు వద్దు. చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది గనుక గాలి ఆడే చోట ఉంచండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకండి.

ముందు చదివే పిల్లల దీపం, మంచాన ఉన్నవారి ఫ్యాను. టీవీ తర్వాత. ఇదే నా మనవి.