కిరాయి తగాదా - చందాల లెక్క
(జగిత్యాలలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి అక్కచెల్లెళ్ళు వచ్చారు. వీధి జంతువుల సంరక్షణ సంస్థ నడుపుతున్న కొందరు స్త్రీలు, తమపై వచ్చిన ఆరోపణలకు రాసుకున్న జవాబును ఈమధ్య నాకు చూపించారు. వాళ్ళ పేర్లూ, ఊరూ ఇక్కడ అనవసరం. కిరాయి పెంపు దగ్గర మొదలై, షెడ్డు ఖాళీ చేయమనేదాకా వచ్చింది తగాదా. నెల తిరగకముందే "చందాలు తింటున్నారు", "కుక్కలను ఆకలికి చంపుతున్నారు", "రాత్రిళ్ళు ఆడవాళ్ళకు అక్కడేం పని" అనే మాటలు ఊరంతా తిరిగాయి.

చివరి మాట మనకు కొత్త కాదు. కుట్టు కేంద్రం పెట్టినా, బాధిత స్త్రీలకు వసతి గృహం నడిపినా, ఓనరుతో తేడా రాగానే ముందు మన నడవడే బజారున పడుతుంది. దానికి సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. కానీ మిగతా రెండింటికీ జవాబు చెప్పి తీరాలి. వాళ్ళ జవాబు రెండు పేజీలు. అందులో పేజీన్నర తాము పడుతున్న కష్టమే. ఆడవాళ్ళం కాబట్టి వేధిస్తున్నారని నాలుగుసార్లు ఉంది. అది నిజమే. అయితే చందా ఇచ్చినవాళ్ళు అడిగింది అది కాదు. ఎంత వచ్చింది, బియ్యానికెంత, మందులకెంత పోయింది, ఎన్ని జంతువులు వచ్చాయి, ఎన్ని చచ్చాయి, ఎందుకు చచ్చాయి? చావుల లెక్క దాచకూడదు. లారీ కింద పడి నడుం విరిగిన కుక్కలను, పార్వో సోకిన పిల్లలను తెచ్చే చోట చావులుంటాయి. రిజిస్టరు లేనప్పుడే అవి హత్యలుగా కనిపిస్తాయి.

కిరాయి గొడవను ఈ జవాబులో కలపవద్దన్నాను. దానికి వేరే దారి ఉంది. మన రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇంకా ఉంది కానీ, కార్పొరేషన్లు కాని పట్టణాల్లో కిరాయి నెలకు 2000 రూపాయలు దాటితే వర్తించదు. ఈ రోజుల్లో 2000కు షెడ్డు ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి మిగిలేది ఆస్తి బదిలీ చట్టం. ఒప్పందంలో వేరేగా లేకపోతే, నెలవారీ కిరాయిదారుకు 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు తీరినా ఓనరు తనంతట తాను తాళం వేయడానికి లేదు, కోర్టుకు పోవాలి. బలవంతంగా వెళ్ళగొడితే ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఇవన్నీ నిలబడాలంటే ఒప్పందం, రసీదులు చేతిలో ఉండాలి. మన సంస్థల్లో ఎన్నింటికి ఉన్నాయి?

ఇంకొక మాట. షెడ్డు పక్కన కిరాయికుంటూ వాకిట్లో చాట ముందేసుకుని బీడీలు చేసే ఆమె, వాసన గురించీ, పిల్లల గురించీ ఫిర్యాదు చేస్తే అది ఓనరు కుట్ర కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాడు కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ భయం ఊళ్ళలో ఉంది. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి, జగిత్యాల జిల్లాల పల్లెల్లో వందల కుక్కలను విషపు ఇంజక్షన్లతో చంపారని పోలీసులకు ఫిర్యాదులు అందాయి. సర్పంచి ఎన్నికల్లో ఇచ్చిన మాట కోసమే ఈ పని జరిగిందని వార్తలొచ్చాయి. పిల్లల కోసం భయపడే తల్లినీ, కుక్కకు అన్నం పెట్టే స్త్రీనీ ఎదురెదురుగా నిలబెట్టి, బాధ్యత ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

ఆ బాధ్యత ఎవరిది? 2023 నిబంధనల ప్రకారం కుక్కల సంతాన నియంత్రణ స్థానిక సంస్థలది. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడ వదలవద్దని ఆదేశించింది. షెల్టరు కట్టవలసిన మునిసిపాలిటీ చేయని పనిని, నలుగురు స్త్రీలు కిరాయి షెడ్డులో చందాలతో చేస్తున్నారు. (జంతువులపై క్రూరత్వ నిరోధానికి 1950లలో రాజ్యసభలో మొదట బిల్లు పెట్టింది కూడా ఒక స్త్రీయే, రుక్మిణీదేవి అరుండేల్. 1960 చట్టం ఆ తర్వాతే వచ్చింది.)

ఆ మిత్రులు జవాబు తిరగ రాశారు. ఒకటే పేజీ. వెనక జమాఖర్చు, చావుల రిజిస్టరు నకలు. బీడీలు చేసే ఆ పక్కింటామెను పిలిచి షెడ్డంతా చూపించారు. కంపు తగ్గలేదు కాబట్టి కాలువ బాగు చేయమని ఆమె చెప్పింది. చేస్తున్నారు.

షెల్టరుకు స్థలం అడుగుతూ మూడు మునిసిపాలిటీలకూ ఇవ్వడానికి అర్జీ ముసాయిదా తెచ్చాను. చూసి మార్పులు చెప్పండి.