గోడ మీది సాలీడుతో సంధి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను అనేది ప్రభుత్వం వేసే భిక్ష కాదని తేల్చి చెప్పింది. దాని గురించి, కరువు భత్యం బకాయిల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన అంశం మాత్రం ఇంట్లోని పురుగులు. మీరు నవ్వుతున్నారు. నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఇందులో మన తుంటి ఎముకల సంగతి ఉంది, కళ్ల సంగతి ఉంది, మనవల ఆరోగ్యం సంగతి కూడా ఉంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పొద్దున తొమ్మిదింటికి ఇల్లు వదిలి, దీపాలు పెట్టే వేళకు చేరేవాళ్లం. మధ్యలో గోడల మీద ఎవరు తిరిగారో మనకు తెలియదు. రిటైరైన తరువాత పడక్కుర్చీలో వెనక్కి వాలి పైకి చూస్తే మొదటిసారి కనిపించింది సాలీడు. అది కొత్తగా రాలేదు. మనమే కొత్తగా ఇంటికి వచ్చాం. అక్కడి నుంచి మొదలవుతుంది యుద్ధం. బూజు కర్ర, స్ప్రే డబ్బా, మందు పొడి, ఇంట్లో వాళ్లతో తగవు.

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, గుమాస్తాను. ఏ విషయాన్నయినా ఫైళ్లుగా విడగొడితే గాని నాకు అర్థం కాదు. అందుచేత ఇంటి పురుగులను మూడు ఫైళ్లు చేశాను. ఉండనివ్వవలసినవి, మర్యాదగా సాగనంపవలసినవి, రాజీ లేనివి.

మొదటి ఫైలు: ఉండనివ్వవలసినవి

ముందుగా సాలీడు. నిజానికి ఇది పురుగుల కులంలోది కాదు. పురుగుకు ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. తేలుకు దూరపు బంధువు. మన పెద్దలు దాని వృత్తిని బట్టి పేరు పెట్టారు. నేసేవాడు సాలె, నేసే పురుగు సాలెపురుగు. శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఏనుగు కంటే ముందు సాలీడు పేరు చెప్పుకునే క్షేత్రం మనది. ఆ దేవుణ్ణి దర్శించి వచ్చి, ఇంట్లో సాలీడును చెప్పుతో కొడతాం.

మన ఇళ్లలో తరచు కనిపించేవి మూడు రకాలు. పైకప్పు మూలల్లో సన్నటి పొడుగు కాళ్లతో వేలాడేది ఒకటి. ముట్టుకుంటే గూడుతో సహా గడగడ వణుకుతుంది. దోమలను, చిన్న పురుగులను పట్టి తింటుంది. రెండవది కిటికీ చట్రం మీద గింజంత ఉండి, గభాలున ఎగిరి దూకేది. ఇది వలతో వేటాడదు, కళ్లతో వేటాడుతుంది. ఈగను పొంచి పట్టడం చూస్తే పిల్లిని చూసినట్లే ఉంటుంది. మూడవది అరచేతి వెడల్పున, చదునుగా, గోధుమ రంగులో రాత్రిపూట గోడ మీద కనిపించేది. ఆడవాళ్లు కేక పెట్టేది దీన్ని చూసే, మగవాళ్లు కేక పెట్టనట్లు నటించేది కూడా దీన్ని చూసే. ఇది గూడు కట్టదు. దీని ముఖ్యాహారం బొద్దింకలు. ఆడది పొట్ట కింద తెల్లటి బిళ్ల ఒకటి మోసుకు తిరుగుతుంది. అది విషపు సంచి కాదు, గుడ్ల సంచి. ఈ మూడింటిలో ఏదీ మనిషి మీదికి తానుగా రాదు. నలిపితే కరవవచ్చు, కొంచెం మంట పుడుతుంది, అంతే.

ఇక బూజు. నల్లగా వేలాడే బూజులో చాలావరకు సాలీడు ఖాళీ చేసిన పాత ఇల్లే. దుమ్ము పట్టిన వల దానికి పనికిరాదు. కాబట్టి బూజు దులిపితే పాపం లేదు. అయితే ఎవరు దులపాలి అన్నది ప్రశ్న. మన సంఘంలోనే ఒక మిత్రుడు సంక్రాంతి ముందు స్టూలు మీద స్టూలు వేసి ఎక్కి బూజు దులపబోయి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నారు. డెబ్బయి దాటిన వాళ్లకు తుంటి విరగడం అంటే మాటలు కాదు, మంచాన పడితే తిరిగి లేచి నడవడం అందరికీ సాధ్యం కాదు. అందుచేత నా మనవి ఏమిటంటే, నేల మీద నిలబడి కర్రకు అందినంత దులపండి. అందనిది సాలీడుకు వదిలేయండి. కొడుకో, అల్లుడో వచ్చినప్పుడు చూసుకుంటారు.

రెండవది బల్లి. పంచాంగం కొనగానే బల్లిపాటు ఫలితాలు చూసే వాళ్లం మనం. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వస్తే దోషం పోతుందని నమ్మేవాళ్లం. నమ్మకం సంగతి ఎవరిష్టం వారిది. బల్లికి విషం లేదన్నది మాత్రం నిజం. అయితే దాని మలంలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు, దానితో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అందుకని బల్లి పడిన వంటకాన్ని పారవేయాలి, గిన్నెల మీద మూతలు పెట్టాలి. అంతే గాని బల్లి మీద కక్ష కట్టనక్కర్లేదు. ట్యూబులైటు దగ్గర రాత్రంతా జీతం లేకుండా పని చేసే ఉద్యోగి అది.

మూడవది కుమ్మరి పురుగు. తలుపు మూలన, పుస్తకాల వెనుక మట్టితో ముద్దలు కట్టేది. మన వేదాంతులు చెప్పే భ్రమర కీటక న్యాయం దీని నుంచి వచ్చిందే. పురుగును తెచ్చి గూట్లో పెట్టి ఝుమ్మని నాదం చేస్తే ఆ పురుగు భ్రమరంగా మారిపోతుందని పెద్దలు అన్నారు. జరిగేది వేరు. తల్లి కందిరీగ పురుగునో, సాలీడునో కుట్టి, కదలకుండా చేసి, గూట్లో పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డు లోంచి వచ్చిన పిల్ల ఆ మేతను తిని పెరిగి, రెక్కలు వచ్చాక గోడ చీల్చుకుని వస్తుంది. ఉపమానంగా వేదాంతం చెడలేదు, చూసిన దానికి చెప్పుకున్న కారణమే మారింది. గూడు ఖాళీ అయ్యాక గీకి పారేస్తే సరిపోతుంది.

రెండవ ఫైలు: మర్యాదగా సాగనంపవలసినవి

చీమలు. మా అమ్మ వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేసేది, చీమలు అక్కడే తిని వెళ్లేవి. ఇప్పుడు మనం రాతిపిండితో ముగ్గు వేసి, వాకిట్లో వాటికి మేత లేకుండా చేసి, వంటింట్లోకి వచ్చాయని కోప్పడుతున్నాం. చీమ వచ్చిన దారిలో వాసన జాడ వదులుతుంది. వెనుక వచ్చేవి ఆ జాడనే పట్టుకుంటాయి. చీమలను చంపడం కంటే సబ్బు నీళ్లతో ఆ దారి తుడవడం మేలు. అవి దూరే సందు మూసి, చక్కెర డబ్బా నీళ్ల పళ్లెంలో పెడితే చాలు.

వెండి రంగులో జారిపోయే పుస్తకాల పురుగు మనకు ఆఫీసు నాటి స్నేహితుడే. దానికి కావలసినది పిండి పదార్థం, అంటే కాగితం, అట్టలకు పూసిన జిగురు. తేమ ఉన్నచోటే అది బతుకుతుంది. రికార్డు గదిలో నేర్చుకున్న పాఠం ఇంట్లోనూ పనికి వస్తుంది. కాగితాల కట్టను నేల మీద పెట్టకూడదు, గోడకు ఆనించకూడదు, చుట్టూ జానెడు గాలి ఆడాలి, ఏడాదికి రెండుసార్లు విప్పి దులపాలి. మీ పింఛను ఉత్తర్వు, భార్య పేరుతో ఉన్న కుటుంబ పింఛను కాగితాలు పాత ట్రంకు పెట్టె అడుగున ఉంటే ఈ వారమే తీసి చూడండి. నకళ్లు రెండు తీయించి, ఒకటి పిల్లల దగ్గర ఉంచండి. మనం పోయిన తరువాత ఆ కాగితం కోసం తిరగవలసింది మన ఇంటావిడే.

కాగితాల మధ్య, బట్టల మధ్య కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. పసిపిల్లల బట్టల్లో మాత్రం వద్దు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రక్తంలో జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అలాంటి పిల్లలకు ఆ ఉండల ఆవిరి తగిలినా ఎర్ర రక్తకణాలు విరిగి కామెర్లు, రక్తహీనత వస్తాయి. ఎండిన వేపాకు చాలు.

దారి తప్పి పడక గదిలోకి వచ్చిన పెద్ద సాలీడు కూడా ఈ ఫైలులోదే. దాని మీద గాజు గ్లాసు బోర్లించండి. కిందనుంచి పాత శుభలేఖ అట్టను మెల్లగా దూర్చండి. రెండూ కలిపి తీసుకెళ్లి పెరట్లో వదలండి. మా మనవరాలికి ఏడేళ్లు, ఇప్పుడు ఈ పని తనే చేస్తుంది. మా ఇంట్లో పెళ్లి శుభలేఖలన్నింటికీ ఆ విధంగా రెండవ ఉద్యోగం దొరికింది.

మూడవ ఫైలు: రాజీ లేనివి

శాంతి అందరితోనూ కుదరదు. మొదటి శత్రువు దోమ. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు, 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మన గడ్డ మీద తేలిన నిజం అది. డెంగ్యూ తెచ్చే దోమ పగలే కుడుతుంది, మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. కూలరు తొట్టి, పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్ప చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి నీళ్లన్నీ పారబోసి, తొట్టి గోడలు రుద్ది ఆరబెట్టాలి. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించడం కంటే దోమతెర వెయ్యి రెట్లు మేలు. ఒక చుట్ట కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత సన్నటి ధూళి వస్తుందని 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలింది. సిగరెట్టు మానేశామని గొప్పలు చెప్పుకునే మనం రాత్రంతా చేసేది ఇది.

బొద్దింక కాలువల్లో తిరిగి వచ్చి అన్నం మీద నడుస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు దాని పొట్టు కూడా చెరుపే. రాత్రి ఎంగిలి గిన్నెలు ఉంచకపోవడం, మోరీకి జాలీ బిగించడం అసలు మందు. చెదలు గోడ మీద మట్టి బాట వేస్తే ఆలస్యం లేకుండా తెలిసిన వాళ్లను పిలవాలి. తేలు కుడితే మంత్రగాడి దగ్గరకు కాదు, ఆసుపత్రికి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ రక్తపోటు మాత్ర ప్రాజోసిన్‌తో ఎర్రతేలు కాటుకు గురైన ఎందరినో బతికించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మందులు చల్లేటప్పుడు ఒక్క మాట. మన చిన్నతనంలో డి.డి.టి., గమాక్సిన్ పొడి చేత్తోనే చల్లేవాళ్లం. డి.డి.టి.ని వ్యవసాయంలో వాడకుండా 1989లో, బి.హెచ్.సి.ని 1997లో మన దేశంలో నిషేధించారు. నిన్న మంచిదన్నది రేపు విషమని తేలవచ్చు. పైగా ఇల్లంతా మందు కొడితే ముందు పోయేది ఎదురుగా ఉన్న సాలీడు, బల్లి. బొద్దింకలు కాలువలోంచి మళ్లీ వస్తాయి, అప్పుడు తినేవాళ్లు ఉండరు. ఏ మందునూ కూల్ డ్రింకు సీసాలో పోసి ఉంచకండి. రాత్రి దాహానికి లేచిన ముసలివాడికి కళ్లజోడు గుర్తుండదు.

సాలీడు చేయని నేరం

చివరగా అన్నిటికంటే ముఖ్యమైనది. ఒంటి మీద నీటి పొక్కులు లేస్తే "సాలీడు పాకింది" అనడం మనకు పరిపాటి. సాలీడు పాకితే పొక్కులు రావు. వానాకాలంలో దీపానికి వచ్చే నలుపు, నారింజ చారల సన్నటి పురుగు ఒకటుంది. దాన్ని చర్మం మీద నలిపితే మర్నాటికి మంట, పొక్కులు వస్తాయి. నలపకుండా ఊది పారేసి, ఆ చోటు సబ్బుతో కడగాలి.

కానీ మన వయసులో పొక్కులు నడుముకో, ఛాతీకో, ముఖానికో ఒక్క పక్కనే పట్టీలా వచ్చి, వాటికి ముందే నాలుగు రోజులు మంట, సలుపు ఉంటే అది సర్పి. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరసే నరాల మొదట్లో దాగి ఉండి, ఒంట్లో శక్తి తగ్గాక మేలుకుంటుంది. పొక్కులు వచ్చిన 72 గంటల లోపు వైద్యుడు మాత్రలు మొదలుపెడితే మేలు ఎక్కువ. ఆలస్యమైతే పొక్కులు మానినా నొప్పి నెలల తరబడి వదలదు. కంటి దగ్గర వస్తే చూపుకే ముప్పు. మనతో పనిచేసిన ఒక సూపరింటెండెంటు గారు నుదుటి మీద పొక్కులకు సాలీడు మందని ఆరు రోజులు పసరు పూసుకున్నారు. ఈనాటికీ ఆ కంటితో ఆయన పేపరు చదవలేరు. సాలీడు మీద మోపిన తప్పుడు కేసుకు శిక్ష మనిషి అనుభవిస్తున్నారు. సర్పి రాకుండా టీకా కూడా ఉంది, మీ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి.

కాబట్టి సంధి షరతులు ఇవి. పైమూల సాలీడుకు, నేల మనకు. నీటి తొట్టి మీద దోమకు హక్కు లేదు. పొక్కు వస్తే గోడ వైపు చూడకుండా డాక్టరు వైపు నడవాలి. టీ సిద్ధంగా ఉందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. చక్కెర గిన్నె మీద మూత పెట్టమని చెప్పి సెలవు తీసుకుంటాను.