ఆడపిల్లను సిస్టర్ల బడిలో వేసిన తల్లులు



తెలుగునాట మిషన్ల చరిత్రను మిషనరీల ఉత్తరాల నుంచి మాత్రమే రాయకూడదని మాకు చరిత్ర చెప్పిన మాస్టారు మొదటి పాఠంగా చెప్పారు. ఉత్తరంలో బడి పెట్టినవాడి ఉద్దేశం దొరుకుతుంది. పిల్లను పంపినవాళ్ళ ఉద్దేశం అందులో దొరకదు. ఈ రోజు నా ప్రశ్న అదే. కేథలిక్కులు కాని తల్లిదండ్రులు, ఆ మాటకొస్తే కేథలిక్కులు కూడా, పిల్లల్ని ఫాదర్ల దగ్గరికి, సిస్టర్ల దగ్గరికి ఎందుకు పంపారు?

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్, రాయలసీమ నుంచి గుంటూరు సీమకు కేథలిక్కు రెడ్ల వలసలు, వాళ్ళు స్థిరపడ్డ ఫిరంగిపురం, 1773లో జెస్యూట్ సభ రద్దు, ఇవన్నీ మీరు చదువుకున్నవే. ఆ కాలంలో బడి అంటే ఉపదేశి పిల్లల చేత జపాలు వల్లె వేయించడం. తల్లిదండ్రులు ఎంచుకోవడానికి రెండో దారి లేదు కనుక ఆ శతాబ్దం దగ్గర నేను ఆగను.

ఎంపిక అనేది మొదట కనబడేది విశాఖపట్నంలో. 1846లో సవాయి నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు అక్కడికి వచ్చారు. సవాయి అప్పటికింకా ఫ్రాన్సులో లేదు, సార్డీనియా రాజ్యంలో ఉంది. 1847లో సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. 1849లో ఆన్‌సీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు ఫ్రెంచివారి యానాంలో దిగి, ఆడపిల్లలకు చదువు చెప్పే పని చేపట్టారు. ఈ తొలి బడులు మన కోసం పెట్టినవి కావు. కంపెనీ సైన్యంలో ఐరిష్ కేథలిక్కు సిపాయిలు చాలామంది ఉండేవారు. సిపాయి చనిపోతే అతని పిల్లలు మిలిటరీ అనాథాశ్రమానికి చేరేవారు. మద్రాసు ఎగ్మూరులోని ఆశ్రమం ఆంగ్లికన్ల చేతిలో ఉండేది. తమ బిడ్డ తమది కాని మతంలో పెరుగుతుందన్నది ఆ తండ్రుల భయం. ఆ భయానికి జవాబుగానే ఈ బడులు వచ్చాయి. 1854 తర్వాత సర్కారు గ్రాంట్లు వచ్చాయి, కచేరీ ఉద్యోగాలకు ఇంగ్లీషు అవసరమైంది, హిందూ గుమాస్తాల కొడుకులు అవే బెంచీల మీదికి వచ్చి కూర్చున్నారు. కొడుకుల కథ అంతే. దాని మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి.

నేను ఏళ్ళ తరబడి తిరిగింది కూతుళ్ళ కథ చుట్టూ, అదీ గుంటూరులో. 1904లో హాలండు నుంచి జె.ఎం.జె. (యేసు, మరియ, జోసెఫుల సభ) సిస్టర్లు అక్కడికి వచ్చారు. ఆడవాళ్ళకు వైద్యం, ఆడపిల్లలకు చదువు, రెండూ వాళ్ళ చేతుల మీదుగా పెరిగాయి. వాళ్ళకంటే ముందే అమెరికన్ లూథరన్లు ఉన్నారు. డాక్టర్ ఆనా కూగ్లర్ 1883లోనే గుంటూరు వచ్చింది. ముందు వచ్చిన ఘనత ఆమెదే, కాదనను. అయితే 1920లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మేరీ గ్లోరీ దగ్గర నేను కాసేపు ఆగాలి. ఆమె మెల్‌బోర్న్‌లో చదివిన డాక్టరు, గుంటూరులో జె.ఎం.జె. సిస్టరుగా చేరింది. సన్యాసినులు పురుళ్ళు పోయడానికి రోమ్ సాధారణ అనుమతి ఇచ్చింది 1936లో. గ్లోరీ అంతకు ముందే ప్రత్యేక అనుమతితో వైద్యం చేసింది, ఇక్కడి అమ్మాయిలకు నర్సు పని, మంత్రసాని పని, కాంపౌండరు పని నేర్పింది.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. పేరున్న సంసారాల ఆడవాళ్ళు మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికే ఒప్పుకోని రోజులవి. అలాంటి ఇంటి కోడలు పురిటికి సిస్టర్ల ఆసుపత్రికి వెళ్ళింది. తెల్లబట్టల మనుషులు అర్ధరాత్రి లేచి తన దగ్గర కూర్చోవడం చూసింది. వాళ్ళ ప్రహరీలోకి మగవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు రారని చూసింది. అప్పుడు పుట్టిన పిల్లకు ఆరేళ్ళు రాగానే ఆ తల్లి ఎక్కడికి పంపుతుంది? నమ్మకం ముందు పురిటి గదిలో కుదిరింది, బడి ఆ తర్వాత వచ్చింది.

అలాంటి బడి పాత అడ్మిషన్ రిజిస్టరు ఒకటి తెరిస్తే, పొడుగాటి పుట మీద ఎర్ర సిరా గీతలు, పిల్ల పేరు, పుట్టిన తేదీ, కులం, మతం, మశూచికి టీకా వేయించారా లేదా, తండ్రి వృత్తి. వృత్తి గడిలో కరణం, ప్లీడరు గుమాస్తా, పొగాకు వ్యాపారం, సేద్యం. సంరక్షకుల సంతకం దగ్గర మాత్రం అక్కడక్కడా వేలిముద్ర కనబడుతుంది. తండ్రి కరణమైతే వేలిముద్ర ఎవరిది? ఆ పుట ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. అది తల్లిదే అని నా నమ్మకం. తాను చదవలేకపోయిన చదువుకు కూతుర్ని తీసుకొచ్చి అప్పజెప్పిన తల్లి.

ఈ వాదనను ఒప్పుకోని పెద్దలున్నారు. వాళ్ళలో కొందరు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ళ మీద గౌరవంతోనే జవాబు చెబుతున్నాను. తల్లిదండ్రులు కోరింది ఇంగ్లీషు ఒక్కటేనని, తక్కినదంతా మనం తర్వాత అల్లుకున్న కథ అని వాళ్ళ మాట. అయ్యా, గుంటూరు, ఏలూరు ప్రాంతాల్లో సిస్టర్లు నడిపిన ఎయిడెడ్ ఆడపిల్లల బడుల్లో ఎన్నో తెలుగు మాధ్యమంలో నడిచినవే. అక్కడ లెక్కలు తెలుగులో, సాంఘికశాస్త్రం తెలుగులో. అయినా పక్క ఊళ్ళ నుంచి పిల్లల్ని తెచ్చి బోర్డింగులో వేశారు. ఇంగ్లీషే కావాలంటే వాళ్ళు అక్కడికి రానక్కరలేదు. మనమంతా పబ్లిక్ స్కూళ్ళనూ కంటోన్మెంట్ బడులనూ చూసి సిద్ధాంతం కట్టాం, జిల్లా కేంద్రాల్లోని ఈ బడులు మన పుస్తకాల్లోకి రానేలేదు. రెండో వర్గంవారు ఈ బడుల అసలు పని మతమార్పిడి అంటారు. కేథలిక్కు పిల్లలు సత్యోపదేశానికి వెళితే తక్కినవాళ్ళు పక్క గదిలో మోరల్ సైన్స్‌కు కూర్చునేవారు. ఎయిడెడ్ బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3)వ అధికరణంలో రాసేనాటికే చాలా బడులకు అది అలవాటు. పిల్ల మెళ్ళో జపమాలతో ఇంటికి వస్తుందన్న భయం తల్లిదండ్రులకు లేదనను. ఆ భయం ఉన్నా పంపారు. ఆ పంపడాన్ని వివరించలేని సిద్ధాంతం నాకు పనికిరాదు.

1951 జనాభా లెక్కల్లో దేశంలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. ఆ అంకెను ముందు పెట్టుకుని చూస్తేనే సిస్టర్ల బడిలో పదో తరగతి దాకా చదివి, ట్రైనింగ్ అయి, పంతులమ్మగా సొంత ఊరికి తిరిగొచ్చిన పిల్ల ఆ వీధికి ఏమై ఉంటుందో తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో తల్లి గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. తెలుగు కేథలిక్కుల్లో ఎక్కువమంది దళితులు. వాళ్ళు పిల్లల్ని ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్ మిషన్) బోర్డింగుకు పంపింది మూడు పూటలా తిండి కోసం, ఆసామి గొడ్ల వెంట పంపకుండా ఉండటం కోసం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా లేకుండా పోయింది. మన దగ్గర బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్ మిగిలింది. వాళ్ళకు ఎయిడెడ్ బడి సౌకర్యం కాదు, ఉన్న ఒకే ఒక్క మెట్టు. తర్వాత ఎన్నో చోట్ల అదే ప్రాంగణంలో ఫీజుల ఇంగ్లీషు మీడియం బడి లేచింది, దాని పక్కనే తెలుగు మీడియం ఎయిడెడ్ బడి మిగిలింది. ఆదివారం దివ్యపూజలో ముందు వరసలో మోకరించే తల్లి బిడ్డ సోమవారం ఆ ఎయిడెడ్ బడి వైపున్న రెండో గేటులోంచి లోపలికి వెళుతుంది. విచారణ గురువులకు ఇది తెలుసు, మేత్రాణులకు (బిషప్పులకు) తెలుసు. దీన్ని సరిచేయకుండా పేదలకు చదువు అన్న మాట మనం ఎత్తకూడదు.

మిగిలినది గబగబా చెబుతాను. 1953లో విజయవాడలో ఆంధ్ర లొయోలా, అదే ఏడు ఏలూరులో సెయింట్ థెరిసా మహిళా కళాశాల. 1958లో విశాఖలో సెయింట్ జోసెఫ్స్, 1959లో బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్, 1962లో మారిస్ స్టెల్లా. ఈ అయిదు కళాశాలల్లో నాలుగు ఆడపిల్లల కోసమే అని గమనించండి. హైదరాబాదులో మాంట్‌ఫర్ట్ బ్రదర్ల లిటిల్ ఫ్లవర్, సెయింట్ పాల్స్ బడులది మగపిల్లల కథ, ఆ క్రమశిక్షణ మీద మోజు వేరే ఉపన్యాసానికి సరిపడా ఉంది. ఇక చట్టం సంగతి: మైనారిటీలకు సొంత విద్యాసంస్థల హక్కునిచ్చే రాజ్యాంగం 30వ అధికరణం, 1958లో కేరళ విద్యాబిల్లుపై సుప్రీంకోర్టు అభిప్రాయం, 2014లో విద్యాహక్కు చట్టం నుంచి మైనారిటీ బడులకు మినహాయింపు, ఇవి మీకు తెలిసినవే. ఆ మినహాయింపుతో పేద పిల్లలకు నాలుగో వంతు సీట్లు కేటాయించే బాధ్యత కూడా పోయింది. రెండో గేటు సంగతి ఇందాకే చెప్పాను.

ఎనభైల తర్వాత ర్యాంకులు కోరే తండ్రులు కార్పొరేట్ కాలేజీలకు వెళ్ళిపోయారు. సిస్టర్ల దగ్గర మిగిలినవాళ్ళలో కూతుళ్ళ తల్లులే ఎక్కువన్నది నేను చూసినంతలో నిజం. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలు సిబ్బందిని అప్పగించాలని ఉత్తర్వులిచ్చినప్పుడు పలు చోట్ల తల్లిదండ్రులు రోడ్డెక్కారు. చివరికి ప్రభుత్వం, ఇష్టమైతేనే అంది. అయినా ఎయిడెడ్ పోస్టుల్లో టీచరు రిటైరైతే ఆ ఖాళీ ఏళ్ళ తరబడి భర్తీ కావడం లేదు. సెక్షన్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ముందుగా మూసేది తెలుగు మీడియం సెక్షన్నే, అందులో చదివేది ఫీజు కట్టలేని ఇంటి ఆడపిల్లలే.