సన్న్యాసి రాజకీయము: స్వామి రామానంద తీర్థ

జహీరాబాదు నుండి పడమరగా పోవు షోలాపురపు రహదారిపై చిరాగ్‌పల్లి దాటినంతనే కర్ణాటక రాష్ట్రము మొదలగును. 1956 నవంబరు 1వ తేదీకి ముందు ఇచ్చట రాష్ట్రముల పొలిమేర లేదు. ఇరుప్రక్కలవారును హైదరాబాదు రాష్ట్రములోని బీదరు జిల్లావారే. ఆ రాష్ట్రమును భాషల ననుసరించి విభజింపవలెనని గట్టిగా కోరినవారిలో ఒక సన్న్యాసి ముఖ్యులు. వారే స్వామి రామానంద తీర్థ.

మతగురువులు రాజకీయములందు ప్రవేశించుట వింత గాదు. అమెరికాలో హైరం రెవెల్స్ అను నల్లజాతి క్రైస్తవ బోధకుడు 1870లో సెనేటు సభ్యుడయ్యెను. ఆ జాతివారిలో ఆ సభకు ఎన్నికైన మొదటివాడతడే. అయితే మన సంప్రదాయమున సన్న్యాసమనగా సర్వసంగపరిత్యాగము. రాజకీయమనగా అధికారముతో నిత్యసంబంధము. ఈ రెంటికిని పొత్తు కుదురునా? ఈ ప్రశ్నకు స్వామివారి జీవితమందే సమాధానము కలదని మేము తలంతుము.

వారు 1903లో జన్మించిరి. పూర్వాశ్రమ నామము వ్యంకటేశ ఖేడ్గీకర్. కార్మిక నాయకులైన ఎన్. ఎం. జోషిగారి వద్ద కొంతకాలము పనిచేసి, పిమ్మట మరాఠ్వాడాలో ఉపాధ్యాయులైరి. కాషాయము ధరించిన పిదప వారు చేరినది అడవిని గాదు, కారాగారమును. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును నిజాము ప్రభుత్వము పుట్టకమునుపే నిషేధింపగా, సత్యాగ్రహము చేసి చెరసాల కేగిరి. సంస్థానము భారత యూనియనులో చేరవలెనని కోరినందుకు 1947 ఆగస్టులో మరల బంధింపబడిరి. 1948 సెప్టెంబరులో ఆ కోరిక నెరవేరినది.

అసలు పరీక్ష విజయానంతరమే వచ్చినది. 1952లోను, 1957లోను లోక్‌సభకు ఎన్నికైరి గాని, మంత్రిపదవి స్వీకరింపలేదు. అంతకంటె గొప్ప త్యాగము వేరొకటి కలదు. తెలుగువారు, మరాఠీలు, కన్నడిగులు కలిసియున్న రాష్ట్రమంతటికిని వారు నాయకులు. అది మూడు ముక్కలైనచో ఆ నాయకత్వమునకు ఆధారమైన నేలయే ఉండదు. అయినను, ప్రజలకు తమ భాషలో పరిపాలన దక్కవలెనని ఆ విభజననే కోరిరి. ఫలితముగా జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు మెదకు జిల్లాలో చేరినవి; బీదరు మైసూరు రాష్ట్రమున చేరినది.

1972 జనవరి 22న స్వామివారు పరమపదించిరి. వారి సమాధి హైదరాబాదు బేగంపేటలో కలదు. ఇల్లును విడుచుట సన్న్యాసులందరును చేయుదురు. గెలిచిన రాజ్యమును సైతము విడువగలిగిన వారిని మనము తరచుగా స్మరింపవలసియున్నది.