బడి విడిచిన పిమ్మట మన బిడ్డలు

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

 

విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విద్య యన్నంతనే పరీక్షలు, ర్యాంకులు, ఉద్యోగములు మన మనస్సునకు వచ్చును. వానినిగూర్చి చెప్పగలవారు ఈ వేదికపై పెక్కురు కలరు. చిరకాలము బడిపంతులుగా నుండి విరమించిన మేము, సాయంకాలము బడిగంట మ్రోగినది మొదలు దీపములు పెట్టువేళ వరకు గల రెండు గంటల కాలమునుగూర్చి మాత్రమే విన్నవించెదము. అయిదేండ్లు మొదలు పదేండ్ల వరకు గల పసివారికి ఆ వేళ నేమి నేర్పింపవలయును, ఎక్కడ నేర్పింపవలయును అనునదే మా విషయము.

ఇది చిన్న విషయమని తలంపవలదు. మన పూర్వులు కళలు అరువదినాలుగని లెక్కించిరి. వాత్స్యాయనుని పట్టికలో గీతవాద్యనృత్యములతోపాటు పూలమాల కట్టుట, వంట, వడ్రంగము, పొడుపుకథలు సయితము కలవు. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానమును పాఠ్యవిషయములకును తక్కిన కళలకును నడుమ గట్టి గోడ యుండరాదనియే చెప్పినది. ప్రాచీనులును నవీనులును ఒక్కమాటపై నున్నారు. తికమక యంతయు మన యిండ్లలోనే కలదు.

అందులకు మా యిల్లే సాక్ష్యము. మా మనుమనికి ఆరేండ్లు నిండగనే ఊరి యావలికొనయందు గొప్ప పలక వ్రేలాడగట్టిన యొక సంస్థయందు చేర్పించితిమి. సంగీతము, చిత్రలేఖనము, కరాటే, చదరంగము, ఈ నాలుగింటికిని ఏడాది రుసుము ముందుగనే చెల్లించితిమి. బాలుడు బడినుండి వచ్చి, పాలు త్రాగియు త్రాగకమున్నే ఆటో ఎక్కెడివాడు; తిరిగివచ్చునపుడు మా యొడిలో నిద్రపోయెడివాడు. మూడవ నెలలో గురువులు మారిరి. అయిదవ నెలలో తలుపునకు తాళము పడెను. రుసుము తిరిగి రాలేదు. అది పోయినందులకు మేమంతగా చింతింపలేదు. “తాతయ్యా, నాకు పాట వద్దు” అని బాలుడన్న మాట మాత్రము మా హృదయమున ముల్లువలె నాటుకొనినది. పాట వినిన చప్పట్లు చరచెడి బిడ్డకు పాటయన్న వెగటు కలిగించినవారము మేమే.

పిమ్మట విచారింపగా మా వీధి మలుపుననే యొక వృద్ధుడు మృదంగము నేర్పుచున్నాడని తెలిసెను. ఆ ధ్వని యేండ్ల తరబడి మా చెవిని పడుచునే యున్నది. ఇంటికి పలక లేనందున అది పాఠశాలయని మాకు తోచలేదు!

ఈ యనుభవమువలన మేము నేర్చిన సంగతులు కొన్ని చెప్పెదము. మొదటిది, బిడ్డ నడచిపోగల దూరములో వెదకుడు. గుడి పూజారిని, గ్రంథాలయోద్యోగిని, బడిలోని వ్యాయామోపాధ్యాయుని, పాలు పోయువానిని అడిగినచో ఏ యింట ఏ విద్య కలదో తెలియును. రెండవది, ఒక విద్య చాలును. తక్కిన దినములు బిడ్డ మట్టిలో ఆడుకొననిండు. మూడవది, రుసుము చెల్లింపకమున్ను ఒక్క దినము ఒక మూల కూర్చుండి పాఠము చూడుడు. గురువు బిడ్డలను పేరుపెట్టి పిలుచుచున్నాడా, తప్పు చేసినవానిని కొట్టుచున్నాడా, నీరును మరుగుదొడ్డియు కలవా, తలుపు తెరచియుండునా, తల్లిదండ్రులు వచ్చి చూచుటకు సమ్మతింతురా, ఇవి గమనింపుడు. చూడవలదను చోటునకు బిడ్డను పంపవలదు. నాలుగవది, రుసుము నెలనెలకే చెల్లింపుడు. అయిదవది, ఆడుబిడ్డను ఇంట నిలిపి మగబిడ్డను మాత్రము పంపుట మానుడు. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట బాలిక కరణం మల్లీశ్వరి, తన ప్రాంతపు శిక్షకుడు నీలంశెట్టి అప్పన్నగారియొద్ద బరువులెత్తుట నభ్యసించి, 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సునందు కాంస్యపతకము గెలిచినది. ఒలింపిక్సున పతకము నందిన తొలి భారతనారి యామెయే.

మన విజయనగరమువారికి మేము వేరుగ చెప్పవలసినదేమున్నది? 1919లో మహారాజు విజయరామగజపతి సంగీత పాఠశాలను నెలకొల్పి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షునిగా నుంచెను. తన కొలువునందలి యొక యుద్యోగి కుమారుడగు అంధబాలునికి సంగీతము చెప్పించు తలంపే దానికి మూలమని పెద్దలు చెప్పుదురు. ఒక్క బిడ్డకొరకు తెరచిన తలుపు నూరేండ్లు దాటినను నేటికిని మూయబడలేదు. ఘంటసాల వేంకటేశ్వరరావు బాలుడై యీ యూరికి వచ్చినపుడు ఆ కళాశాలకు సెలవులు. తలుపు మూసియున్నను గురువు దొరకెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు రుసుము గొనక తమ యింటనే విద్య గరపిరి. ఊరివారి గడపలలో మధుకరమెత్తి ఆ బాలుడు కడుపు నింపుకొనెను. భవనముకన్న గురువు ముఖ్యమనుటకును, ఊరెల్ల తోడైనగాని ఒక బిడ్డకు విద్య రాదనుటకును ఇంతకన్న దృష్టాంతమేల?

ఇక మన సంఘముతో ఒక మాట. మన చందాలతో కట్టిన యీ భవనము పెండ్లిండ్లకును, ఈ మహాసభకును తెరవబడి, తక్కిన దినములు తాళముతో నుండును. ప్రక్క సందులోని పిల్లలు దీని మెట్లపై గోలీలాడుచుందురు. సాయంకాలము అయిదు మొదలు ఏడు వరకు దీనిని బాలబాలికల విద్యలకై తెరువుడని మా ప్రార్థన. అయితే మన కులపు బిడ్డలకే యని గీత గీయవలదు. “మన సొమ్ముతో పరుల బిడ్డలకా?” అని కొందరు మిత్రులు మాతో ననిరి. వారియెడ మాకు గౌరవము కలదు. కాని బడిలో మేము హాజరుపట్టీ పిలుచునపుడు “ఉన్నానండీ” యను కంఠము ఏ యింటిదని యెన్నడు నడుగలేదు. మన పిల్లలకు మృదంగము చెప్పగల వృద్ధుడు మన కులమువాడు కాడు. ఆయన మన గడప ద్రొక్కవలయునన్న, ఆయన మనుమరాలికిని మన చాపపై చోటుండవలయును గదా! మనవారినే కూర్చుండబెట్టి చెప్పించిన విద్య, పిల్లలకు అన్నిటికన్న ముందు గీత గీయుటనే నేర్పును.

మేము ధనమిచ్చు శక్తి గలవారము కాము. విష్ణుశర్మ కథలతోనే రాజకుమారులను దిద్దెనని విని యున్నాము. మంగళ శుక్రవారములయందు ఆ కథలు చెప్పుటకును, శ్రావ్యముగా శ్లోకములు పలికించుటకును మేము వచ్చెదము. ప్రతిఫలమేమియు వలదు. కార్యదర్శిగారు తాళపుచెవి మాత్రము మా చేతికి దయచేయవలయును. మెట్లమీది పిల్లలను లోనికి పిలుచుకొను భారము మాది.

సెలవు. స్వస్తి.